అసలుతనానికి చెల్లించే వెల: జర్మన్ పారాచూట్ సైనికుల యుద్ధవస్తువుల సేకరణపై ఒక నైతిక పరిశీలన

రెండవ ప్రపంచయుద్ధ కాలపు సైనిక వస్తువులను సేకరించేవారు అపురూపంగా ఎంచేవాటిలో జర్మన్ పారాచూట్ సైనికుల సామగ్రి ముందువరుసలో ఉంటుంది. అందులోనూ 1938 నమూనా హెల్మెట్‌ది ప్రత్యేక స్థానం. సాధారణ పదాతి సైనికుడి హెల్మెట్‌కు చెవుల మీదికి, మెడ మీదికి దిగే వెడల్పాటి అంచు ఉంటుంది. విమానం నుంచి దూకేవాడికి ఆ అంచు ప్రమాదకరం. అందుచేత దాన్ని దాదాపు పూర్తిగా తొలగించి, లోపల మందమైన మెత్తను, తల నుంచి ఊడిపోకుండా నాలుగుచోట్ల బిగించిన తోలు పట్టీలను అమర్చి ఈ హెల్మెట్‌ను తయారుచేశారు. పిడిని వంచి మీట నొక్కగానే తన బరువుతో తానే జారి బయటికి వచ్చే కత్తి, మోకాళ్ల మెత్తలు, సైనికులే 'ఎముకల సంచి' అని పరిహాసంగా పిలుచుకున్న పొడవాటి పైచొక్కా, ఆకుల దండ నడుమ స్వస్తిక్‌ను గోళ్లతో పట్టుకొని కిందికి దూకుతున్న గద్ద బొమ్మ గల బిళ్ల, క్రీట్ ద్వీపం పేరు కుట్టిన తెల్లటి చేతిపట్టీ ఈ కోవలోని ఇతర వస్తువులు. వీటి కొనుగోళ్లు, అమ్మకాలు, పరీక్షలు, వివాదాలతో ఒక ప్రత్యేక విజ్ఞానమే ఏర్పడింది.

ఆ విజ్ఞానంలో అధికభాగం నకిలీలను పట్టుకోవడానికే సరిపోతున్నది. సాధారణ హెల్మెట్ అంచును కోసి పారాచూట్ హెల్మెట్‌గా మార్చడం, కొత్త రంగును పాతబరచడం, తోలును నూనెలతో నలుపెక్కించడం నకిలీదారుల పద్ధతులు. లోపలి అంచున ముద్రించిన తయారీ సంస్థ గుర్తును, కొలత సంఖ్యను, మరలు కూర్చున్న తీరును భూతద్దంతో చూసి నిపుణులు తీర్పు చెబుతారు. నకిలీ అని తేలిన మరుక్షణం వస్తువు వెల పడిపోతుంది. ఇక్కడ ఒక ప్రశ్న అడగవలసి ఉంది. ఉక్కు అదే, ఆకారం అదే, కంటికి కనిపించే అందమూ అదే. అయితే కొన్నవాడు కోల్పోయిందేమిటి? 'ఇది అక్కడ ఉంది' అన్న ఒక్క వాక్యాన్ని అతడు కోల్పోయాడు. అంటే అతడు వెల చెల్లించినది వస్తువుకు మాత్రమే కాదు, దాని గతానికి. ఈ సంగతిని నీతివాదులు సేకరణదారుల మీద మోపనక్కరలేదు. వారి అంగడే ప్రతిరోజూ దీన్ని ఒప్పుకుంటున్నది. గతాన్ని కొన్నవాడు ఆ గతంలో ఎంత భాగానికి బాధ్యుడన్నదే ఈ వ్యాసంలో విచారణీయాంశం.

జర్మన్ భాషలో ఈ సైనికుల పేరు 'ఫాల్‌షిర్మ్‌యేగర్'. పదశః అర్థం చెప్పుకొంటే 'పారాచూటు వేటగాడు'. 1936లో స్టెండాల్ పట్టణంలో శిక్షణాలయం ఏర్పడింది. సైన్యంలో కాక వైమానిక దళంలో, అంటే హెర్మన్ గోరింగ్ అధీనంలో ఈ విభాగం పెరిగింది. దీని రూపకర్తగా పేరొందినవాడు సేనాని కుర్ట్ ష్టూడెంట్. 1940 మే 10న ఇంజను లేని గ్లైడర్లలో బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట పైకప్పు మీద దిగిన కొద్దిమంది సైనికులు, అభేద్యమని పేరుపడ్డ ఆ కోటను నిర్వీర్యం చేశారు. ఆ ఒక్క ఉదయం వారికి తెచ్చిపెట్టిన కీర్తి నేటికీ వేలం పట్టికల్లో వినిపిస్తూనే ఉంటుంది.

అసలు కథ క్రీట్‌లో ఉంది. 1941 మే 20 ఉదయం మాలెమె, హన్యా ప్రాంతాల్లోనూ, ఆ మధ్యాహ్నం రెథిమ్నో, హెరాక్లియోన్ వద్దా వేలమంది ఆకాశం నుంచి దిగారు. వారి పారాచూటు తాళ్లు వీపు వెనుక ఒకేచోట కలిసేవి. అందువల్ల గాలిలో దిశ మార్చుకునే వీలుండేది కాదు. చేతులు, మోకాళ్ల మీద ముందుకు పడవలసివచ్చేది. మోకాళ్ల మెత్తల అవసరం అక్కడిదే. తుపాకులు వేరే పెట్టెల్లో, వేరే పారాచూట్లతో దిగేవి. చాలామంది చేతిలో పిస్తోలు, బాంబులు, కత్తి తప్ప మరేమీ లేకుండా ఆ పెట్టెల కోసం వెతుక్కుంటూ న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్, గ్రీస్ సైనికుల గుండ్లకు బలయ్యారు. కొందరు నేల తాకకముందే ఓలివ్ చెట్లలో చిక్కుకొని చనిపోయారు. మాలెమెలో 1974లో ప్రారంభమైన జర్మన్ సైనిక శ్మశానంలో 4,465 మంది ఉన్నారు. ద్వీపం జర్మనీ చేతికి చిక్కినా, ఇంత నష్టాన్ని చూసిన హిట్లర్ ఆ తరువాత ఆ స్థాయి పారాచూట్ దాడికి అనుమతి ఇవ్వలేదు. యుద్ధాంతానికి పారాచూట్ డివిజన్ల సంఖ్య పెరిగినా, వాటిలో అధికులు ఒక్కసారి కూడా దూకనివారే. 'నిజంగా దూకినవాడి' వస్తువు అరుదుగా దొరకడానికీ, దాని వెల పెరగడానికీ ఇదొక కారణం.

క్రీట్ ప్రజలు కూడా పోరాడారు. ఊళ్లలోని వృద్ధులు, స్త్రీలు, పాత వేటతుపాకులూ పొలం పనిముట్లూ పట్టుకొని దిగివస్తున్న సైనికులను ఎదిరించారు. దీనికి ప్రతీకారంగా గ్రామాలను తగలబెట్టాలని, పురుషులను కాల్చాలని మే 31న ష్టూడెంట్ ఆజ్ఞ వెలువడింది. జూన్ 2న హోర్స్ట్ ట్రేబెస్ అనే అధికారి నాయకత్వంలో పారాచూట్ సైనికులు లారీల్లో కొండొమరి గ్రామానికి చేరుకున్నారు. ఊరివారందరినీ ఒకచోట చేర్చి, వారిలో నుంచి పురుషులను వేరుచేసి, ఓలివ్ తోటలోకి నడిపించి కాల్చివేశారు. చనిపోయినవారు జర్మన్ పత్రాల ప్రకారం 23 మంది. ఇతర లెక్కలు ఇంకా ఎక్కువ చెబుతున్నాయి. మరునాడు కాందానోస్ గ్రామం నేలమట్టమైంది. సుమారు 180 మంది హతులయ్యారు. ఆ జూలైలోనే ట్రేబెస్‌కు జర్మనీ ఉన్నత పురస్కారాల్లో ఒకటైన నైట్స్ క్రాస్ లభించింది. 1944లో అతడు నార్మండీలో మరణించాడు. ష్టూడెంట్‌పై 1947లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారణ జరిపి అయిదేళ్ల శిక్ష విధించింది. ఆ తీర్పు ధ్రువీకరణ పొందకపోవడంతో అతడు 1948లో విడుదలయ్యాడు. క్రీట్‌ను పాలించిన మరో పారాచూట్ సేనాని బ్రూనో బ్రాయర్‌కు ఏథెన్స్‌లో 1947 మే 20న, సరిగ్గా దాడి ఆరవ వార్షికదినాన, మరణశిక్ష అమలైంది.

కొండొమరి ఘటనకు సాక్ష్యం ఎలా మిగిలిందో వివరంగా చూడదగినది. ఫ్రాంజ్ పేటర్ వైక్స్‌లర్ అనే జర్మన్ యుద్ధచిత్రగ్రాహకుడు ఆ రోజు దళంతో వెళ్లి, ఊరిచుట్టూ సైనికులు నిలబడటం మొదలు కాల్పుల దాకా వరుసగా చిత్రాలు తీశాడు. తన వాంగ్మూలం ప్రకారం అతడు ట్రేబెస్‌ను వారించడానికి ప్రయత్నించాడు కూడా. పారాచూట్ సైనికుల క్రీట్ చర్యలకు సంబంధించిన నిషిద్ధ చిత్రాలను బయటపెట్టాడన్న ఆరోపణతో 1944లో గెస్టపో అతణ్ణి నిర్బంధించింది. యుద్ధానంతరం గోరింగ్ విచారణ సందర్భంగా అతడు లిఖితపూర్వక సాక్ష్యం ఇచ్చాడు. చిత్రాలు మాత్రం జర్మన్ జాతీయ అభిలేఖాగారంలో మరుగున పడి ఉండి, 1980లో ఒక గ్రీక్ పత్రికారచయిత వెలికితీసేదాకా లోకానికి తెలియలేదు. సేకరణ పుస్తకాల్లో రంగుల పటాలుగా అచ్చయ్యే ఆ అంచులేని హెల్మెట్లు ఈ చిత్రాల్లో తలల మీద ఉన్నాయి. వరుసగా నిలబడి తుపాకులు గురిపెట్టిన తలలు అవి.

ఇక వాదం. 'ఈ హెల్మెట్ క్రీట్‌లో దూకినవాడిదై ఉండవచ్చు' అన్న మాట వర్తకుడి నోట తరచుగా వినవచ్చేదే. లోపల పేరు రాసి ఉండదు. దళం గుర్తు చెరిగిపోయి ఉంటుంది. మిగిలేది సంభావ్యత మాత్రమే. ఆ సంభావ్యతకే కొనుగోలుదారు అదనపు మూల్యం చెల్లిస్తాడు. అదే వస్తువు విషయంలో 'ఇది కొండొమరిలో కాల్చినవాడిదై ఉండవచ్చు' అన్నది కూడా అదే జాతికి చెందిన సంభావ్యత. మొదటిదాన్ని అనుమతించే ఆధారమే రెండవదాన్నీ అనుమతిస్తుంది. కానీ రెండవ వాక్యం అమ్మకపు పట్టికలో కనిపించదు. ఎవరైనా పలికితే 'రుజువేది?' అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. మొదటి వాక్యానికి అడగని రుజువును రెండవదానికి అడగడమే ఈ అంగడి మౌలికమైన అసత్యం. నకిలీ హెల్మెట్ చేసేవాడు ఉక్కు గతాన్ని కల్పిస్తాడు. నిజమైన హెల్మెట్‌ను సగం గతంతో అమ్మేవాడు అంతకంటె నిజాయితీపరుడని చెప్పడం కష్టం. తెలియనితనాన్ని ఒకవైపుకే వాడుకోవడాన్ని తర్కం ఒప్పదు, నీతీ ఒప్పదు. రెండు వాక్యాలనూ పలకాలి, లేదా రెండింటినీ మానుకొని 'ఫలానా కర్మాగారంలో, ఫలానా కాలంలో చేసిన హెల్మెట్' అని ఊరుకోవాలి. రెండవ మార్గం ఎంచుకున్న సేకరణదారులు లేకపోలేదు. వారు చెల్లించే వెల సహజంగా తక్కువ.

దీనికి సాధారణంగా వచ్చే సమాధానం, వస్తువు నిర్దోషి అన్నది. కత్తి చంపదు, కత్తి పట్టినవాడు చంపుతాడు. కత్తి కరణం మాత్రమే, కర్త కాదు. వ్యాకరణ పరిభాషలో వినిపించే ఈ వాదాన్ని వ్యాకరణంతోనే పరీక్షించవచ్చు. కర్తకూ కరణానికీ భేదం చెప్పిన సంస్కృత వ్యాకరణమే, క్రియతో ఉక్తం కాని కర్తకూ కరణానికీ ఒకే తృతీయా విభక్తిని విధించింది. తెలుగులోనూ 'సైనికునిచేత చంపబడెను', 'తుపాకిచేత చంపబడెను' అన్న రెండు వాక్యాలకూ ప్రత్యయం ఒక్కటే. భేదం నిజమే, కాని ఆ భేదాన్ని తేల్చడానికి పూర్తి వాక్యం కావాలి. కర్తను, కర్మను, క్రియను తొలగించి కరణాన్ని ఒంటరిగా గాజుపెట్టెలో ఉంచితే అది నిర్దోషి అని గానీ దోషి అని గానీ చెప్పే వీలే ఉండదు. అది వాక్యం నుంచి ఊడిపడిన పదం. సేకరణదారు కోరే నిర్దోషిత్వం వస్తువు స్వభావం నుంచి వచ్చినది కాదు, వాక్యాన్ని విరిచినందువల్ల వచ్చినది.

రెండవ సమాధానం దీనికంటె బలమైనది. క్రీట్‌లో దూకినవారిలో పంతొమ్మిదేళ్లవారు ఎందరో ఉన్నారు. వారిలో అనేకులు మే 20 సాయంకాలాన్ని చూడలేదు. జూన్ 2న కొండొమరిలో జరిగినదానికి మే 20న చెట్టుకొమ్మన చనిపోయినవాడు ఎలా బాధ్యుడవుతాడు? కాడు. అతని హెల్మెట్‌కు ఆ నేరాన్ని అంటగట్టడం అన్యాయమే. అయితే ఈ న్యాయం అతనికి కావలసింది అతని పేరుతో, అతని మరణంతో. 'వీరుల దళం' అన్న సామూహిక కీర్తిలో కరిగిపోయిన ముఖంలేనివాడిగా కాదు. దళం కీర్తిని ప్రతి వస్తువుకూ పంచిపెట్టి, దళం నేరాన్ని మాత్రం వ్యక్తుల వారీగా రుజువు చేయమనడం పైన చెప్పిన అసమానతకే మరో రూపం. జర్మనీలో సాధారణ సైన్యం చేతులు పరిశుభ్రమన్న నమ్మకం దశాబ్దాలపాటు నిలిచిన తీరూ ఇదే. 1995లో హాంబర్గ్ సామాజిక పరిశోధన సంస్థ సైన్యపు నేరాలపై ఏర్పాటుచేసిన ప్రదర్శన ఆ నమ్మకాన్ని కదిలించినప్పుడు ఎంత అలజడి రేగిందో తెలిసిందే. కొన్ని చిత్రాల వివరణల్లో పొరపాట్లు బయటపడటంతో దాన్ని 1999లో ఆపి, సవరించి, 2001లో మళ్లీ తెరిచారు. చిత్రం కింద రాసే ఒక్క పంక్తి తప్పయితే ఎంత మూల్యం చెల్లించవలసివస్తుందో ఆ ప్రదర్శకులకు అర్థమైంది. హెల్మెట్ కింద రాసే పంక్తికీ అదే వర్తించాలి.

చనిపోయినవాడికి సేకరణ చేసే అపకారం మరింత స్థూలమైనది, కళ్లెదుటిది. జర్మన్ సైనికుడు మెడలో ధరించిన గుర్తింపు బిళ్ల మధ్యలో చిల్లులు గల లోహపు పలక. సైనికుడు మరణిస్తే దాన్ని రెండుగా విరిచి, సగం దేహంతో ఉంచి, సగాన్ని నివేదికతో పంపేవారు. రెండు సగాల మీదా అవే అక్షరాలు, అవే అంకెలు. జర్మన్ యుద్ధసమాధుల సంస్థ నేటికీ ఐరోపా అంతటా ఎముకలు వెలికితీసి, ఆ సగం బిళ్ల ఆధారంగా పేర్లు కనిపెట్టి, శ్మశానాలకు తరలిస్తున్నది. యుద్ధభూమిలో లోహశోధక యంత్రంతో రహస్యంగా తవ్వేవాడు ఆ సగాన్ని తీసుకుపోతే మిగిలిన ఎముకలు పేరు లేనివవుతాయి. కుటుంబానికి చేరవలసిన సమాచారం ఒకని మేజా సొరుగులో ఉండిపోతుంది. ఇక్కడ నైతిక సందిగ్ధతకు తావు లేదు: నేరస్థుడో నిరపరాధో తెలియకపోయినా మృతుడి పేరు మృతుడిదే. పారాచూట్ దళానిదని తేలిన బిళ్ల అరుదైనది కావడం దొంగిలించేవాడికి ప్రేరణ, సమర్థన ఎంతమాత్రం కాదు. సైనికుల చరిత్ర పట్ల గౌరవమే తమను నడిపిస్తున్నదని చెప్పుకొనే సేకరణదారులు ఆ గౌరవాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకంటె సులువైన గీటురాయి దొరకదు.

చట్టం ఈ ప్రశ్నను వేరే దారిన తాకింది. జర్మనీలో స్వస్తిక్‌ను బహిరంగంగా ప్రదర్శించడం నేరం. పరిశోధన, బోధన, కళ, చరిత్రకథనం వంటి అవసరాలకు మినహాయింపు ఉంది. 1957 నాటి చట్టం యుద్ధకాలపు పతకాలను స్వస్తిక్ లేకుండా ధరించడానికి అనుమతించింది. దానితో పారాచూట్ బిళ్లకు కొత్త రూపం వచ్చింది: గద్ద అదే, దూకే భంగిమ అదే, గోళ్లలో మాత్రం ఏమీ లేదు. ఆ ఖాళీ గోళ్లు ఒక కాలపు ఆత్మవంచనకు కచ్చితమైన శిల్పం. వర్తకుల పట్టికల్లో స్వస్తిక్ మీద అంటించే చిన్న కాగితపు ముక్క కూడా ఆ పనే చేస్తుంది. చట్టాన్ని పాటిస్తుంది, అమ్మకాన్ని ఆపదు. ఫ్రాన్స్‌లో 2000లో యాహూ సంస్థ వేలం పుటల్లో నాజీ వస్తువుల అమ్మకంపై పారిస్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ఆరంభంలో ఆ సంస్థ అటువంటి వస్తువులను నిషేధించింది. గుర్తు కనిపించరాదన్నంతవరకే చట్టం చూడగలదు. గుర్తు లేని మోకాళ్ల మెత్తల గురించి, కత్తి గురించి దానికి చెప్పడానికేమీ లేదు.

అలాగని ఈ వస్తువులన్నిటినీ కరిగించాలన్న వాదన నిలవదు. కరిగిన ఉక్కు సాక్ష్యం చెప్పదు. మరుపు కోరేవారికే అది మేలు. నకిలీలను పట్టుకోవడంలోనూ, దుస్తుల, ఆయుధాల కాలక్రమాన్ని నిర్ణయించడంలోనూ వ్యక్తిగత సేకరణదారులు చేసిన కృషి తక్కువది కాదు. అసలు క్రీట్ ప్రజలే తొలి సేకరణదారులు. పొలాల్లో పడిన పారాచూటు పట్టు వారి ఇళ్లలో దుస్తులైంది. అస్కీఫు అనే కొండగ్రామంలో, యుద్ధకాలంలో బాలుడిగా ఉన్న ఒక స్థానికుడు చిన్ననాటి నుంచి ఏరి తెచ్చిన హెల్మెట్లు, తుపాకులు, బాంబు తునకలతో ఒక ఇల్లే యుద్ధప్రదర్శనశాలగా మారింది. అక్కడి హెల్మెట్‌కూ ఐరోపా నగరంలో వేలానికి వచ్చిన హెల్మెట్‌కూ తయారీలో తేడా లేదు. అస్కీఫులో ఆ వస్తువు ఎవరి మీదికి వచ్చిందో చెప్పేవారు పక్కనే ఉన్నారు. కాందానోస్ ఉదాహరణ ఇంకా తీక్షణమైనది. గ్రామాన్ని నాశనం చేసిన తరువాత జర్మన్ సైన్యమే, ఇది ప్రతీకారమని ప్రకటిస్తూ ఫలకాలు నాటింది. వాటి పాఠం నేడు ఆ ఊరి స్మారకంలో భాగం. హంతకుల మాటలను హతుల వారసులు భద్రపరిచారు. పక్కన వివరణ కూడా అవసరం లేనంత పూర్తి వాక్యం అది.

శత్రువు శౌర్యాన్ని మెచ్చుకోవడంలో తప్పేముందన్న ప్రశ్న మిగిలి ఉంది. 1944లో ఇటలీలోని మోంటె కసీనో మఠం శిథిలాలను పట్టుకొని నిలిచిన మొదటి పారాచూట్ డివిజన్ మొండితనాన్ని ఎదురుగా పోరాడినవారే అంగీకరించారు. అలా ఎదురుగా ఉన్నవారిలో నాలుగవ భారత డివిజన్ ఒకటి. దానితో పాటు మద్రాస్ శాపర్స్ దళాలు ఉన్నాయి. తెలుగువారితో సహా దక్షిణాది భాషలవారు ఆ దళాల్లో పనిచేసేవారు. కొండవాలులో బాటలు వేయడం, పాతిపెట్టిన మందుపాతరలు తీయడం వారి విధి. శౌర్యమే కొలమానమైతే గుండ్ల వర్షంలో గునపం పట్టినవాడి శౌర్యం తక్కువెలా అవుతుంది? అయినా ఆ గునపం ఏ వేలం పట్టిక ముఖచిత్రమూ కాలేదు. సేకరణ లోకం శౌర్యం పేరిట మెచ్చుకొంటున్నదానిలో ఆకారం, అరుదుతనం, భయం కలిగించే ఆకర్షణ ఎంత పాలు ఉన్నాయో ఈ పోలిక చూపిస్తుంది. కసీనో సైనిక శ్మశానంలో భారతీయుల పేర్లు రాతి మీద ఉన్నాయి; వారి చేతి పనిముట్లు ఎక్కడున్నాయో అడిగినవారు అరుదు.

ఆచరణలో ఇదంతా ఒక చిన్న గడికి కుదించుకుపోతుంది. ప్రదర్శనశాల గానీ వ్యక్తి గానీ వస్తువును నమోదు చేసేటప్పుడు 'పూర్వచరిత్ర' అన్న గడి ఒకటి ఉంటుంది. సాధారణంగా అందులో ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరంలో, ఎంతకు మారిందో రాస్తారు. అది యాజమాన్య చరిత్ర, వస్తువు చరిత్ర కాదు. దళం తెలిసినప్పుడు ఆ దళం ఎక్కడెక్కడ ఉన్నదో, అక్కడ ఏమి జరిగిందో, మాలెమెతో పాటు కొండొమరిని కూడా, అదే పరిమాణపు అక్షరాలతో రాయడానికి ఆ గడిలో చోటు సరిపోతుంది. అలా రాసిన తరువాత వెల ఎంత పడిపోతుందో చూస్తే, కొనుగోలుదారు ఇన్నాళ్లూ దేనికి మూల్యం చెల్లిస్తున్నాడో అంకెల్లో తెలుస్తుంది.